పెద్దింటికి పోని అరివేణి కుండలు

మా అత్త ఆదిలక్ష్మమ్మకు ముక్కు మీద కోపమని మా ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్తారు. చెప్పనీండి, నోరు వాళ్ళది. నేను ఆ కోపంతో ఒకే వంటింట్లో కాపురం చేస్తున్న కోడల్ని. కొత్తగా వచ్చినప్పుడు పప్పులో ఉప్పు ఎక్కువైందని గిన్నె ఎత్తుకెళ్ళి బర్రె కుడితిలో కుమ్మరించింది. బర్రె కూడా మూతి పెట్టలేదని వీధంతా చెప్పి వచ్చింది. కాబట్టి ఆమె కోపం సంగతి నాకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

అయినా పెద్దింటి పెళ్ళి గొడవ జరిగినప్పటి నుంచి చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆళ్ళగడ్డ బస్టాండులో టీ అంగడాయన కూడా "మీ అత్త అంత పని చేసిందంట గదమ్మా, పెద్దోళ్ళతో అట్లనా?" అని గ్లాసు చేతికిస్తూ నీతులు మొదలుపెట్టాడు. ఆ టీ తాగకుండా అక్కడే పెట్టేసి వచ్చాను. నా పేరు సంధ్య. నాకూ కోపం తక్కువేం కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివినాక తిట్టేవాళ్ళు తిట్టుకోండి.

మాది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. కుమ్మరోళ్ళం. మా మామ నరసింహులు సారె తిప్పి కుండ చేస్తాడు, మా అత్త దాని మీద బొమ్మలు వేస్తుంది. మా ఇంట్లో సారె ఆడవాళ్ళు ముట్టరు, కుంచె మగవాళ్ళు ముట్టరు. అత్త పుట్టిల్లు సంజామల దిక్కు. అక్కడ వాళ్ళకు కుండలు చేయడమే గానీ బొమ్మలు వేయడం తెలియదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చాకే వాళ్ళ అత్త దగ్గర కూర్చుని నేర్చుకుంది. గీత వంకరపోతే ఆ ముసలామె ఈతపుల్ల కుంచెతోనే వేళ్ళ మీద కొట్టేదట. "అందుకే నాకు ఇంత కోపం వచ్చింది, దెబ్బలన్నీ లోపలే ఉండిపోయినాయి" అంటుంది మా అత్త. నవ్వుతూనే అంటుంది.

ఎండాకాలం నీళ్ళ కుండలు, దీపావళికి ప్రమిదలు, ఇవి మా తిండి. మా గౌరవం మాత్రం అరివేణి కుండలు. పెళ్ళి పందిట్లో పెట్టే బొమ్మల కుండలు. వాటికి సున్నం తెలుపు, జాజు ఎరుపు, రెండే రంగులు. పొట్ట మీద వాన చారలు, వాటి కింద చేపలు, ఒక పక్క సూర్యుడు, ఒక పక్క చంద్రుడు, ముందువైపు జొన్న కంకి. ఆ కంకి వంగి ఉండాలి. గింజ పట్టిన కంకే వంగుతుంది, నిక్కి నిలబడేది తాలు. చిలకల జంట వేస్తే రెండూ ఒకదాన్నొకటి చూసుకోవాలి. ఒక చిలక అటు తిరిగిందా, కుండ మొత్తం తుడిచి మళ్ళీ మొదటి నుంచి వేస్తుంది మా అత్త. అప్పుడు ఆమె దగ్గరికి పిల్లి కూడా పోదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మెడ మీది గీత ఒక ఎత్తు. కుండ మెడ చుట్టూ సున్నంతో ఒక గీత గీసుకుంటూ వచ్చి, చివర రెండు వేళ్ళ సందు వదిలేస్తుంది. ఆ సందు పెళ్ళివాళ్ళు మా ఇంటికి నడిచొచ్చే దారి. పెళ్ళికి ముందురోజు వాళ్ళు మేళంతో వస్తారు. పెళ్ళికూతురి మేనత్త మా గడపలో కూర్చుని, సున్నంలో వేలు ముంచి, ఆ సందు మూస్తుంది. మూసేదాకా అది మా కుండ. మూసినాక వాళ్ళింటి కుండ. మూయని కుండ పందిట్లో పెడితే ఎవరూ అడగని పెళ్ళి కింద లెక్క, అంత తప్పు ఇంకోటి లేదు. ఆ రోజు కుండలు గడప దాటేదాకా బొమ్మలు వేసిన ఆడది అన్నం ముట్టదు. ఇది మా ఇంటి పద్ధతి. వేరే ఊరి కుమ్మరోళ్ళకు ఉందో లేదో నాకు తెలియదు, నాకు అనవసరం.

ఇక పెద్దిల్లు. మా ఊళ్ళో పొలాలున్న పాత ఇల్లు. వంక వాళ్ళ పొలంలో నుంచే పోతుంది, ఆ వంక గట్టు మన్నే మా కుండలకు మన్ను. ఉమామహేశ్వరమ్మ ఆ ఇంటి పెద్దావిడ. ఆమె అత్తగారి కాలంలోనే మాట అయింది, వంక మన్ను మీది, మా ఇంటి పెళ్ళి కుండలు మీవి అని. కాగితం లేదు, సంతకం లేదు. ఆ ఇంట్లో ఎన్ని పెళ్ళిళ్ళు అయినా మేళం మా వీధిలోకి వచ్చింది. ఎన్ని బుట్టల మన్ను తవ్వినా మమ్మల్ని ఎవరూ ఒక మాట అనలేదు.

ఈ ఎండాకాలంలో ఉమామహేశ్వరమ్మ మనవరాలు జాహ్నవి పెళ్ళి కుదిరింది. కొలిమిగుండ్ల సంబంధం. పెద్దావిడ పద్ధతి ప్రకారం మా ఇంటికి తాంబూలం పంపింది. అత్త ఆ తాంబూలం కళ్ళకద్దుకుని ఆ రోజే మన్ను నానబెట్టించింది. జాహ్నవి చిన్నప్పుడు మా వాకిట్లో మట్టిముద్దలతో ఆడుకున్న పిల్ల. "దానికి నేను వేసే కంకి చూడు, గింజలు రాలిపడల్ల" అని రోజుకొకసారి అనేది.

కుండలు తయారయ్యాక, నంద్యాలలో పెళ్ళిళ్ళకు డెకరేషన్ చేసే అభిషేక్ అని ఒక అబ్బాయి వచ్చాడు. పెద్దావిడ కొడుకు, పెళ్ళికూతురి తండ్రి శ్రీకాంత్ పంపాడట, వీడియోలో పెట్టడానికి ఫోటోలు కావాలట. అత్త మజ్జిగ ఇచ్చింది. కుండలు ఒక్కొక్కటే ఎండలోకి తెచ్చి తిప్పి తిప్పి చూపించింది. ఇది వాన, ఇది చేప, ఇది ఇందుకు అని చెప్తూనే ఉంది. వాడు ఫోను లోంచి తల ఎత్తితే గదా! "సూపర్ ఆంటీ, కొంచెం పక్కకు జరగండి, నీడ పడుతోంది" అన్నాడు. వాడు వినింది అంతే, మజ్జిగ తాగాడు, పోయాడు. మేము కూడా మురిసిపోయాం, మా కుండలు వీడియోలో వస్తాయని.

పెళ్ళికి ముందురోజు పొద్దున్నే అత్త తలకు పోసుకుంది. శ్రీకాంత్ పెళ్ళిలో వాళ్ళు పెట్టిన చీర దాచుకుంది ఇన్నాళ్ళూ, అది కట్టుకుంది. వాకిట్లో ముగ్గు వేసి, గడపకు పసుపు రాసి, కుండలు వరసగా పెట్టి, పక్కన సున్నం గిన్నె పెట్టింది. మేనత్త కూర్చోవడానికి పీట తుడిచి వేసింది. పద్ధతి ప్రకారం నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

పొద్దెక్కింది, రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది, రాలేదు. మామ వీధి మలుపు దాకా పోయి చూసి రావడం, "ఇంగ రాల్యా" అనడం. ఎక్కడో మేళం వినపడినట్టయితే అత్త లేచి చీర సర్దుకోవడం. అది ఇంకెవరిదో. "పెద్దోళ్ళు, పనులుంటాయి, చుట్టాలొచ్చింటారు" అని ఆమే సర్దిచెప్పింది మాకు. కోపం వచ్చే మనిషి గదా, రావాల్సిన చోట మాత్రం రాలేదు చూడండి.

సాయంత్రం నా ఫోనులో పెద్దింటి చుట్టాలమ్మాయి స్టేటస్ కనపడింది. నంద్యాల ఫంక్షన్ హాలు, పూల స్టేజీ, స్టేజీకి రెండు పక్కలా అరివేణి కుండలు. నున్నగా, మెరుస్తూ. మన్ను కుండ అట్లా మెరుస్తుందా? ఫైబర్ కుండలు! వాటి మీద మా అత్త వాన, మా అత్త చేపలు, వంగిన కంకి, అన్నీ అచ్చు గుద్దినట్టు. నేను ఫోటో పెద్దది చేసి చూశాను. ప్రతి కుండ మెడలోనూ ఆ సందు ఉంది. ఆ అభిషేక్ మూయని కుండలను ఫోటో తీసుకుపోయి, మూయని గీతనే అన్నింటి మీదా అచ్చేయించాడు.

అత్తకు చూపించకుండా ఉండాల్సింది అని తర్వాత అనిపించింది. కానీ అప్పటికే నా ముఖం చూసి ఫోను లాక్కుంది. చాలాసేపు చూసింది. నేను ఇల్లు ఎగిరిపోయేట్టు అరుస్తుందనుకున్నా. అరవలేదు. "శ్రీకాంత్‌కు ఫోన్ చెయ్యి" అంది.

చేసి స్పీకర్‌లో పెట్టాను. అవతల పాటలు, కేకలు.

"అప్పా శ్రీకాంతూ, నేను ఆదిలక్ష్మమ్మను. ఈడ కుండలు పెట్టుకోని కూచున్యాం" అంది అత్త.

"అయ్యో, నీకు ఎవురూ చెప్పలేదా?" అన్నాడు శ్రీకాంత్. "ఈసారి అంతా అభిషేక్ వాళ్ళే చూసుకుంటాండారు. మన్ను కుండలు కార్లో పగుల్తాయని ఫైబర్‌వి చేయించినాం. డిజైన్ నీదేలే. శానా బాగొచ్చింది, అందరూ అడుగుతాండారు."

నా ఒళ్ళు మండిపోయింది. అందరూ అడుగుతున్నారట! అడగాల్సిన మనిషిని అడిగిందెవరు? ఫోను లాక్కుని నాలుగు తిడదామనుకున్నా. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సరేలే అప్పా, అదంతా ఇడ్సిపెట్టు. ఆ కుండల మెడలో గీత మూయలేదు. మీ అక్కతో చెప్పి, సున్నంలో వేలు ముంచి ఆ సందులు మూయించు. ప్లాస్టిక్‌వైతే ప్లాస్టిక్‌వి, మూయకుండా మాత్రం ఆ పిల్లను పీటల మీద కూచోబెట్టొద్దండి. నీ కూతురు, నాకూ బిడ్డలాంటిదే."

నేను చెప్తున్నా గదా, మా అత్త జీవితంలో ఎవరినీ అంత మెత్తగా అడిగింది లేదు. నాతో ఒక్కరోజు అట్లా మాట్లాడి ఉంటే నేను కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకునేదాన్ని.

శ్రీకాంత్ నవ్వాడు. "అది డిజైనంట లే ఆదిలక్ష్మీ. ఫోటోల్లో ఆ గ్యాపే బాగుందంటాండాడు అభిషేక్. ఇప్పుడు సున్నం పూస్తే పాడైపోతాయి. నీకు చీర పంపిస్తాలే, ఏం బాధపడాకు." పెట్టేశాడు.

అప్పుడు లేచింది మా అత్త. "నా వేలు ఆగిన చోటు వానికి డిజైనంట! వీళ్ళు ఇంటికొచ్చే దారి వానికి డిజైనంట!" వేసిన పీట ఎత్తి వాకిట్లోకి విసిరింది. వీధి వీధంతా బయటికి వచ్చింది. పెద్దింటిని, ఫైబర్‌ను, అభిషేక్ తాగిన మజ్జిగను, ఏదీ వదల్లేదు. మామ "పెద్దోళ్ళతో మనకెందుకు మే, ఊరుకో" అని గోడ పక్కన గొణుగుతున్నాడు. "నువ్వు పుట్టినప్పటి నుంచి ఊరుకుంటాండావ్, అందుకే మనల్ని పిలిచే దిక్కు లేదు" అని ఆయన్నూ కడిగేసింది. నేను ఆపలేదు. ఆమెకు ఊపిరి అందనప్పుడల్లా నేను అందుకున్నాను.

అంత తిట్టినా అన్నం ముట్టలేదు. కుండలు ఇంట్లోనే ఉన్నాయి గదా. తెల్లవారి ముహూర్తం. ఎవరైనా కారేసుకుని వస్తారేమో, పెద్దావిడకు గుర్తొస్తుందేమో అని ఆమె లోపల అనుకుంటూనే ఉంది. నాకు తెలుసు, ఎందుకంటే సున్నం గిన్నెలో సున్నం ఎండిపోకుండా నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు పోయడం చూసినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చింది.

ముహూర్తం దాటిపోయింది. ఒక ఇంటికి చేసిన అరివేణి కుండ ఇంకో ఇంటికి ఇవ్వకూడదు, నీళ్ళకూ వాడకూడదు. తీసిన మన్నులోనే కలపాలి. బుట్టల్లో పెట్టుకుని ముగ్గురం వంక దగ్గరికి పోయాం. కుమ్మరికి ఒక ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు, ఏడాది చేసింది దుడ్డుకర్రకు ఒక్క దెబ్బ అని. ఆ మాట ఎన్నిసార్లు వినలేదు! ఆ రోజు అర్థమైంది. అత్త ఒక్కో కుండను రాయికేసి కొట్టింది. మామ వంకలోకి చూస్తూ అటు తిరిగి నిలబడ్డాడు, చేసిన చేతులు గదా. ఆఖరి కుండ పగిలాక ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది.

అంతటితో అయిపోయేది. నిజంగా అయిపోయేది. మరుసటిరోజు పెద్దింటి డ్రైవరు సంచితో వచ్చాడు. సంచిలో చీర, బియ్యం, ఆకు వక్క. గడప బయట నిలబడే అందించాడు. "శ్రీకాంత్ సార్ ఇమ్మన్నాడు. అట్లనే వంకలో మన్ను ఎప్పటిలాగే ఎత్తుకోండి, ఏం అడ్డం లేదని చెప్పమన్నాడు" అన్నాడు పాపం, చెప్పమన్న మాట చెప్పాడు.

ఎత్తుకోండంట! అడ్డం లేదంట! ముసలమ్మల కాలం నుంచి మాది అనుకున్న మన్ను ఆ ఒక్క మాటతో దానమైపోయింది. వాళ్ళు రావడం మానేశారు, కాబట్టి మేము అడుక్కునేవాళ్ళమయ్యాం. నాకు ఇది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అత్తకు క్షణం పట్టలేదు.

"సంధ్యా, ఏసయ్యను ట్రాక్టర్ తీసుకోని రమ్మను" అంది.

మా వాకిట్లో వర్షాకాలానికని తెచ్చిపెట్టిన మన్ను కుప్ప ఉంది. వానలు పడితే వంకలో మన్ను తీయలేం, కాబట్టి దీపావళి ప్రమిదల దాకా ఆ కుప్పే మాకు ఆధారం. అత్త ఏం చేయబోతోందో తెలిసి మామ అడ్డం నిలబడ్డాడు. "ఇది పోతే సారె మీదికి ఏం ఎక్కిస్తావు మే? అవుకు దిక్కు పోయి తేవల్లా మన్ను? ఆడ మనల్ని ఎవురు రానిస్తారు?"

"నాకు తెల్దు. ఇది మాత్రం నా ఇంట్లో ఉండదు."

ఏసయ్య మా వెనక వీధి రైతు, మంచి మనిషి. విషయం విని తల గోక్కున్నాడు. "వదినా, ఈ మన్ను ఆడ పోసొస్తే నన్ను మళ్ళా వాళ్ళ పొలం దున్నడానికి పిలవరు" అన్నాడు. అంటూనే ట్రాక్టర్ తొట్టి కుప్పకు ఆనించాడు. నేనూ అత్తా పారలు పట్టాం. మామ కొంచెంసేపు గోడకానుకుని చూసి, చూసి, ఆయనా ఒక బుట్ట ఎత్తాడు. చీర, బియ్యం సంచి కూడా మన్ను మీద పెట్టాం.

పెద్దింటి వాకిలి ఈ మధ్యే గ్రానైటు వేయించారు. ట్రాక్టర్ గేటు దాటి నేరుగా ఆ రాళ్ళ మీద ఆగింది. శ్రీకాంత్ వాళ్ళు కూతుర్ని దింపడానికి కొలిమిగుండ్ల పోయారు. వసారాలో ఉమామహేశ్వరమ్మ, ఇంకొందరు చుట్టాలు ఉన్నారు. పెద్దావిడ చేతికర్ర పట్టుకుని మెట్ల దాకా వచ్చింది.

"ఏందే ఆదిలక్ష్మీ ఇది?"

"మీ మన్నమ్మా. మీ వంకది. మీ చీర, మీ బియ్యం గూడా పైన ఉన్నాయి చూసుకోండి."

"ఎందుకే ఇంత కోపం? కుండల సంగతేనా?" పెద్దావిడ గొంతు తగ్గింది. "తాంబూలం పంపింది నేనే గదా. వాడు ఆ ఫైబర్‌వి పెట్టిస్తాండాడని నాకు ఆడికి పోయినాకే తెలిసింది. నీకు చెప్పమని చెప్పినా. ఎవురో చెప్పినారనుకున్నా. పెళ్ళి హడావిడిలో మర్చిపోయినాం మే. అంతే. నీ మీద ఏముంటుంది మాకు?"

అత్త ఒక్క అడుగు ముందుకు వేసింది. ఇప్పుడు తిట్లు మొదలవుతాయని నేను పక్కకు జరిగాను. చుట్టాలు లేచి నిలబడ్డారు.

"వద్దని ఒక మాట చెప్పింటే అన్నం తినేదాన్ని గదమ్మా" అంది అత్త. "మీ కొడుకు పెళ్ళిలో పెట్టిన చీర కట్టుకోని, మేళం వస్తాదని, పొద్దుగూకే దాకా గడపలో నిలబడినా. నన్ను తిట్టింటే పడేదాన్ని. వద్దు ఫో అనింటే పోయేదాన్ని. మీకు మాకు పగ ఉండి రాకపోయింటే నేనూ పగ పట్టుకోని బతికేదాన్ని. మర్చిపోయినామంటే, నేను ఎవురి మీద కోపం చేసుకోవల్లమ్మా?"

పెద్దావిడ కర్ర ఆనించి ఒక మెట్టు దిగింది. మా అత్త ఏడుస్తోంది. ఇన్నేళ్ళలో నేను చూడలేదు ఆమె ఏడవడం. ఎట్లా పట్టుకోవాలో తెలియక చేతులు చాచి ఊరికే నిలబడ్డాను.

అప్పుడు మా మామ కదిలాడు. పుట్టినప్పటి నుంచి ఊరుకున్న మనిషి, పెద్దింటి వాకిట్లో ఎప్పుడూ చెప్పులేసుకుని నిలబడని మనిషి, ట్రాక్టర్ వెనక్కి పోయి తొట్టి కొక్కెం తీశాడు. ఏసయ్య వైపు చెయ్యి ఊపాడు. తొట్టి పైకి లేచింది. దీపావళి దాకా మాకున్న మన్నంతా గ్రానైటు మీదికి జారిపోయింది. మామ చేతులు దులుపుకుని, అత్త భుజం పట్టుకుని, "పద మే, ఇంటికి పోదాం" అన్నాడు.